ఇంట్లో ఎలుకలు: మందు పెట్టినా మళ్లీ ఎందుకొస్తాయి

అటక మీద రాత్రిపూట చప్పుడు మొదలైతే మర్నాడు కిరాణా కొట్టులో ఎలుకల మందు కొనడం చాలా ఇళ్లలో అలవాటు. బిళ్లలో కేకో తెచ్చి గ్యాసు బండ వెనక, బియ్యం డబ్బా పక్కన పెడతారు. నాలుగైదు రోజులకు చప్పుడు ఆగుతుంది. పీడ విరగడైందనుకుంటారు. కొన్నాళ్లకు మళ్లీ అదే చప్పుడు. "ఈ మందులో పస లేదు" అనుకుని ఇంకో బ్రాండు తెస్తారు. నిజానికి మందు తన పని తాను చేసింది, ఎలుక చచ్చింది. కానీ ఆ ఎలుక తిన్న తిండి, తిరిగిన దారి, పడుకున్న మూల అలాగే ఉండిపోయాయి. పక్కింటిదో, మోరీలోదో, మందు ముట్టకుండా మిగిలిన దాని పిల్లో వచ్చి ఆ చోటు ఆక్రమించింది.

ఈ సంగతి తేలి చాలాకాలమైంది. 1940లలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎలుకల మీద పెద్ద ఎత్తున పనిచేశారు. మొదట అక్కడా విషంతోనే మొదలుపెట్టారు. వీధుల మధ్య ఉన్న ఇళ్ల సముదాయాల్లో ఎలుకల్ని పట్టీ, చంపీ చూస్తే కొన్ని నెలల్లో అవి దాదాపు పాత సంఖ్యకే చేరుకున్నాయి. చెత్తకు మూతలున్న డబ్బాలు పెట్టి, పెరళ్లలో పడేసిన సామాను తీసేసి, కన్నాలు పూడ్చిన చోట మాత్రం సంఖ్య తగ్గి, ఆ తగ్గిన దగ్గరే నిలిచింది. డేవిడ్ డేవిస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు దీన్నుంచి తేల్చింది ఒక్కటే: ఒక చోట ఎన్ని ఎలుకలుంటాయన్నది అక్కడి తిండి, దాక్కునే వీలు నిర్ణయిస్తాయి. ఎన్నిటిని చంపారన్నది ఆ లెక్కను కొన్నాళ్లు మారుస్తుంది, అంతే.

ఎందుకు కొన్నాళ్లే అన్నది ఎలుక కాన్పు చూస్తే తెలుస్తుంది. గర్భం మూడు వారాలు. ఈతకు ఆరేడు పిల్లలు. అవి రెండు మూడు నెలలకే ఈడుకొస్తాయి. ఇంట్లో ఎలుకల గుంపు సగానికి తగ్గితే మిగిలిన సగానికి తిండి రెట్టింపు దొరుకుతుంది. పోట్లాటలు తగ్గుతాయి, పిల్లలు ఎక్కువగా బతుకుతాయి. చంపడం ఒక్కటే చేసే ఇల్లు మిగిలిన వాటికి ఒకరకంగా మేలు చేస్తున్నట్టే.

ఏ ఎలుక?

ఎలుక అని ఒక్క పేరు పెట్టి పిలిచేది నిజానికి మూడు నాలుగు రకాల జంతువులు. అవి వచ్చే దారులు వేరు, తిండి వేరు, వాటితో వేగే పద్ధతీ వేరు. ఇది తేల్చుకోకుండా ఖర్చుపెట్టిన డబ్బు సగం వృథా.

అటక మీద, పెంకుల కింద, ఫాల్స్ సీలింగ్ పైన పరుగులు తీసేది ఎక్కువగా ఇంటి ఎలుక. శాస్త్రజ్ఞులు నల్ల ఎలుక అంటారు గానీ మన ఇళ్లలో అది గోధుమరంగులోనే ఎక్కువ కనిపిస్తుంది. ఒంటికన్నా తోక పొడుగు. ఎక్కడంలో దిట్ట. కొబ్బరిచెట్టు మీంచి డాబా మీదికి, కేబుల్ తీగ మీంచి కిటికీలోకి, ఏసీ రాగి పైపు పట్టుకుని మూడో అంతస్తులోకి రాగలదు. చిట్టెలుక తీరు వేరు. అది బీరువాలో, సొరుగులో, పాత పుస్తకాల వెనక కాపురం పెడుతుంది. గూడు నుంచి కొద్ది మీటర్ల దూరంలోనే తన లోకమంతా. రోజుకు రెండు మూడు గ్రాముల తిండి చాలు, తిండిలో ఉన్న తడితోనే నెట్టుకురాగలదు కాబట్టి నీళ్ల కోసం వెతుక్కోవాల్సిన పనీ తక్కువే. పందికొక్కు నేల జంతువు. పునాదుల పక్కన, మోరీ గట్టున, పెరట్లో బొరియ తవ్వుతుంది. బాగా పెరిగింది కిలో దాకా తూగుతుంది. ఇంటి లోపల మకాం వెయ్యదు గానీ రాత్రి వంటింటి తూములోంచి వచ్చిపోతుంది. బొరియలో ధాన్యం దాచుకోవడంలో దీని జాతికి పెట్టింది పేరు. కోతలయ్యాక పొలాల్లో యానాదులు కలుగులు తవ్వి ఎలుకల్ని పట్టేటప్పుడు ఆ గింజల్నీ తీసుకుంటారు.

ఇక చుంచెలుక. పొడుగు మూతి, చిన్న కళ్లు, గోడ వెంబడి కీచుకీచుమంటూ పోతుంది, ఘాటైన వాసన. ఇది అసలు ఎలుకే కాదు. ఎలుకలకుండే కొరుకుడు పళ్లు దీనికి లేవు. తినేది బొద్దింకలూ పురుగులూ. బట్టలు కొరకదు, బియ్యపు బస్తా చింపదు. వాసన ఒక్కటే దాని నేరం. దానికోసం మందు పెట్టడం దండగ. అది గింజల ఎర జోలికి పెద్దగా రాదు కూడా.

ఏది వచ్చిందో పెంటికలు చెబుతాయి. బియ్యపు గింజంత, అంతకన్నా చిన్నగా, చాలా చోట్ల చెల్లాచెదురుగా ఉంటే చిట్టెలుక. సెంటీమీటరు పైన ఉండి రెండు కొసలూ సన్నగా ఉంటే ఇంటి ఎలుక. ఇంకా లావుగా, మోరీ దగ్గరే కుప్పగా ఉంటే పందికొక్కు. దారి ఎటో తెలియకపోతే రాత్రి పడుకునే ముందు గోడవార, సింకు కింద, తలుపు మూలల్లో ముగ్గుపిండి పలచగా చల్లితే తెల్లారేసరికి అడుగులు, తోక ఈడ్చిన గీత కనిపిస్తాయి. ఎలుక చూపు మందం. మీసాలు గోడకు తగులుతుంటేనే దానికి నమ్మకం. అందుకే నడిగదిలోంచి అడ్డంగా పోదు, రోజూ ఒకే గోడ పట్టుకుని పోతుంది. ఆ దారిలో గోడకు జిడ్డు మరక కూడా పడుతుంది.

కన్నం పని

పెన్సిలు దూరే సందులోంచి చిట్టెలుక దూరుతుంది. బొటనవేలు పట్టే కన్నం ఇంటి ఎలుక పిల్లకు సరిపోతుంది, కాస్త పెద్దదైతే తల్లికీ సరిపోతుంది. తల పట్టిందంటే ఒళ్లు పట్టినట్టే. ఈ కొలత మనసులో పెట్టుకుని ఇల్లు చూస్తే ఎక్కడెక్కడ తెరిచి ఉందో ఆశ్చర్యం వేస్తుంది. ఏసీ పైపు కోసం గోడకు కొట్టిన రంధ్రం, సింకు కింద వేస్టు పైపు నేలలోకి దిగే చోటు, స్నానాలగది ఎగ్జాస్టు ఫ్యాను, బాల్కనీ తలుపు కింద సందు, జాలీ ఊడిన తూము, మీటరు బోర్డు వెనక తీగల గొట్టం. కొత్త అపార్టుమెంట్లలో వీటన్నిటికీ పెద్దన్న డక్టు. అన్ని ఫ్లాట్ల పైపులూ దిగే ఆ ఇరుకు సందు కింది సెల్లారు నుంచి పై ట్యాంకు దాకా ఎలుకలకు మెట్లదారి.

మూయడంలో చాలామంది చేసే పొరపాటు మెత్తటి వస్తువులతో మూయడం. గుడ్డ కుక్కడం, థర్మోకోల్ పెట్టడం, ఈమధ్య డబ్బాల్లో వచ్చే నురుగు కొట్టడం. ఎలుక ముందుపళ్లు బతికున్నంతకాలం పెరుగుతూనే ఉంటాయి. కొరికి అరగదీసుకోకపోతే దాని బతుకే కష్టం. నురుగూ, చెక్కా, ప్లాస్టిక్కూ, సీసమూ, నాసిరకం సిమెంటూ దానికి అడ్డం కావు. గిన్నెలు తోమే స్టీలు పీచు గట్టిగా కుక్కి, పైన సిమెంటు గానీ ఎం-సీల్ ముద్ద గానీ పెడితే ఆగుతుంది. గాలి ఆడాల్సిన చోట అర సెంటీమీటరు కన్నుల ఇనుప జాలీ. తలుపు కింద అల్యూమినియం పట్టీ. తూముకు స్టీలు జాలీ, అదీ స్క్రూలతో బిగించింది. ఊరికే పెట్టిన జాలీని పందికొక్కు మూతితో ఎత్తేస్తుంది.

ఒక జాగ్రత్త. లోపల ఎలుక ఉండగా అన్ని కన్నాలూ ఒకేసారి మూస్తే అది ఇంట్లోనే చిక్కి, బయటపడడానికి తలుపులు, తీగలు కొరుకుతుంది. బోన్లు పెట్టి, ముగ్గుపిండి మీద అడుగులు పడడం ఆగాకే చివరి కన్నం మూయాలి.

తిండి పని

పాతకాలం ఇళ్లు కట్టిన వాళ్లకు ఇది బాగా తెలుసు. గాదెను నేలకు ఎత్తుగా నిలబెట్టడం, జొన్నల్ని పాతరేసి మూయడం, పాలూ పెరుగూ వెన్నా ఉట్టి మీద పెట్టడం అన్నీ ఎలుకలకూ పిల్లులకూ అందకుండా చేసిన ఏర్పాట్లే. కృష్ణాష్టమికి కొట్టే ఆటగా మిగిలిపోయిన ఉట్టి ఒకప్పుడు ప్రతి వంటింట్లో అవసరం. ఇప్పటి ఇంట్లో ఫ్రిజ్ ఉంది కాబట్టి ఆ బెంగ లేదనుకుంటాం గానీ, ఫ్రిజ్ బయట ఉన్నదే ఎలుకకు కావలసినంత.

పాతిక కిలోల బియ్యం బస్తా మూతి కట్టి గోడకు ఆనించి పెట్టడం మొదటిది. ప్లాస్టిక్ డబ్బా కాస్త ఆలస్యం చేస్తుంది, ఆపదు. స్టీలు డబ్బా, లేదా గట్టి మూతున్న రేకు డబ్బా ఒక్కటే ఆపుతుంది. పూజగది రెండోది, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కొబ్బరి చిప్పలు, అటుకుల ప్రసాదం, నేతిలో తడిసిన వత్తులు. ఎలుకకు నూనె, నెయ్యి అంటే ప్రాణం. వెలుగుతున్న వత్తిని లాక్కుపోతే తెరలకు, బట్టలకు నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. రాత్రి దీపం వదిలి పడుకునే ఇళ్లలో కుందిని గాజు చిమ్నీలో పెట్టడమో, కొండెక్కాక వత్తి తీసేయడమో మంచిది. మూడోది కుక్కకో పిల్లికో పెట్టి రాత్రంతా వదిలేసే గిన్నె. నాలుగోది చెత్తబుట్ట, అదీ పొద్దున మున్సిపాలిటీ బండి వస్తుందని రాత్రే గుమ్మం బయట పెట్టే ప్లాస్టిక్ సంచీ. ఇంటి ఎలుకకు నీళ్లు కూడా రోజూ కావాలి కాబట్టి కారే కుళాయి, ఏసీ నీళ్లు పడే బకెట్టు కూడా ఈ జాబితాలోవే.

వాషింగ్ మెషీన్ కింద, ఫ్రిజ్ మోటారు వెనక, రాత్రి ఆపిన కారు బానెట్ లోపల తిండి ఉండదు, వెచ్చదనం ఉంటుంది. ఎలుక అక్కడ చేరితే కొరికేది తీగల్నే. అన్నిటికన్నా ప్రమాదకరమైన కొరుకుడు గ్యాసు పైపుది. మామూలు రబ్బరు పైపు ఇంకా వాడుతున్న ఇల్లు ఎలుకల సంగతి చూసుకునే ముందు ఆ పైపు మార్చుకోవాలి. లోపల ఉక్కు తీగ అల్లిన నారింజరంగు సురక్షా పైపులు గ్యాసు ఏజెన్సీల్లోనే దొరుకుతాయి. వాటికీ ఐదేళ్ల గడువు ఉంటుంది.

బోను

ఇంట్లో చంపడమో పట్టడమో తప్పనప్పుడు బోనును మించింది లేదు. పడిందో లేదో కంటికి కనబడుతుంది. చచ్చిన ఎలుక ఎక్కడో సందులో కుళ్లదు. పిల్లలకూ పిల్లులకూ విషం భయం లేదు. అయినా బోను పనిచెయ్యదనే మాట తరచూ వినిపిస్తుంది. దానికి కారణం ఎలుక స్వభావం. ఇంటి ఎలుకకు కొత్త వస్తువంటే అనుమానం. నిన్న లేని వస్తువు ఇవాళ తన దారిలో ఉంటే రోజుల తరబడి దాని దగ్గరికి పోదు. అందుకని బోనును మొదటి మూడు నాలుగు రోజులు తలుపు పడకుండా కట్టేసి, ఎర పెట్టి, తిననివ్వాలి. అలవాటయ్యాక తలుపు వదలాలి. చిట్టెలుకకు ఈ అనుమానం లేదు, కొత్తదాన్ని వెంటనే వాసన చూసి పోతుంది. దానికి కావలసింది ఓపిక కాదు, ఎక్కువ బోన్లు. అవి కొద్ది మీటర్లలోనే తిరుగుతాయి కాబట్టి మూలమూలకూ ఒకటి చిన్నది పెట్టాలి.

పెట్టేది గోడవారనే, మూతి గోడకు ఆని ఉండేలా. ఎర విషయంలో సినిమాల్లో చూసిన జున్నుముక్క అక్కర్లేదు. కాల్చిన ఎండుకొబ్బరి, ఎండుచేప, వేరుశనగ పలుకులు, నిన్నటి పకోడీ ఇవి వాసనతో పిలుస్తాయి. ఇంట్లో తెరిచిపెట్టిన తిండి ఉన్నంతకాలం ఎర ఏదైనా ఒకటే, అది పోటీలో ఓడిపోతుంది.

పట్టిన ఎలుకను ఏం చెయ్యాలన్నది ఎవరూ మాట్లాడని ప్రశ్న. బోనుతో సహా బకెట్టులో ముంచడం మామూలుగా జరిగేది. అది క్రూరం. వీధి చివర వదలడం ఇంకో అలవాటు. అది తిరిగి వస్తుంది, లేదా వేరేవాళ్లింట్లో దూరుతుంది. దూరంగా తెలియని చోట వదిలినా ఎక్కువ రోజులు బతకడం కష్టం. చంపక తప్పదనుకుంటే ఒక్క దెబ్బకు మెడ విరిగే స్ప్రింగు బోను అన్నిటిలోకీ తక్కువ బాధ పెట్టేది.

జిగురు అట్టల గురించి స్పష్టంగా చెప్పుకోవాలి. అంటుకున్న ఎలుక గంటలు, ఒక్కోసారి రోజులు పెనుగులాడుతుంది. చర్మం ఊడుతుంది, కాళ్లు కొరుక్కుంటుంది, భయంతో మూత్రం, పెంటికలు అక్కడే వదులుతుంది. అంటే రోగాల కోణంలోనూ ఇది చెడ్డదే. బల్లులు, పిచ్చుకలు, తొండలు, పాములు కూడా అంటుకుంటాయి. భారత జంతు సంక్షేమ మండలి 2011లోనూ 2020లోనూ వీటిని ఆపించమని రాష్ట్రాలకు సూచించింది, చాలా రాష్ట్రాలు ఆ మేరకు ఉత్తర్వులిచ్చాయి. కొట్లలో అమ్మకం మాత్రం ఆగలేదు.

మందు

ఎలుకల మందు అనే ఒక్కమాట కింద మూడు వేర్వేరు విషాలు అమ్ముడవుతున్నాయి. ఏది కొంటున్నారో తెలియకుండా కొనడమే అసలు ప్రమాదం.

మొదటిది రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు. ఈ జాతికి ఆద్యురాలు వార్ఫరిన్. పాడైన గడ్డి తిన్న పశువులు రక్తస్రావంతో చస్తుంటే కారణం వెతికిన అమెరికాలోని విస్కాన్సిన్ పరిశోధకుల పనిలోంచి పుట్టి, 1948లో ఎలుకల మందుగా వచ్చింది. తర్వాత మనుషులకు గుండెజబ్బుల మందు కూడా అయింది. ఇప్పుడు కేకులు, బిళ్లల రూపంలో దొరికే బ్రోమడయోలోన్ ఆ కుటుంబంలోని తర్వాతి తరం, ఇంకా బలమైనది. 0.005 శాతం ఉన్నా చాలు. తిన్న ఎలుక వెంటనే చావదు, మూడు నుంచి వారం రోజులు పడుతుంది. ఈ ఆలస్యంలోనే ఉంది దీని గొప్ప. ఎలుక వాంతి చేసుకోలేదు కాబట్టి కొత్త తిండి కొద్దిగా తిని చూసి, ఒంట్లో తేడా చేస్తే మళ్లీ దాన్ని ముట్టదు. చావు వారానికి గానీ రాకపోతే దానికీ దీనికీ ముడిపెట్టుకోలేదు. మనుషుల కోణంలో దీనికున్న పెద్ద మేలు, విరుగుడు ఉండడం. విటమిన్ కె1 సమయానికి అందితే ప్రాణం నిలుస్తుంది.

రెండోది జింక్ ఫాస్ఫైడ్, నల్లటి పొడి. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు విడుదల చేస్తుంది. గంటల్లో చంపుతుంది. విరుగుడు లేదు. తిని చావని ఎలుక ఇక జన్మలో ఆ ఎర ముట్టదు. పొలాల్లో దీన్ని వాడేముందు రెండు మూడు రోజులు విషం కలపని నూకలు పెట్టి అలవాటు చేసేది ఇందుకే. ఇంట్లో దీనికి చోటు ఉండకూడదు. ధాన్యం గోదాములకు వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి చెప్పనే అక్కర్లేదు. అవి గాలిలో తేమ తగిలితేనే అదే వాయువు వదులుతాయి, ఇళ్లలో వాడకం చట్టం ఒప్పుకోదు.

మూడోది పసుపు భాస్వరం ఉన్న పేస్టు. టమాటా ముక్కకో బ్రెడ్డుకో పూసి పెట్టేది ఇదే. చవక, ఏ కొట్లోనైనా దొరికేది. దక్షిణాది ఆసుపత్రుల్లో కాలేయం చెడి చేరే విషప్రయోగ కేసుల్లో దీని వాటా పెద్దది. దీని మాయ ఏమిటంటే మొదటి రోజు వాంతులు, కడుపునొప్పి వచ్చి, తర్వాత ఒకటి రెండు రోజులు మనిషి బాగానే ఉన్నట్టు కనిపిస్తాడు. ఇంటికి తీసుకెళ్లిపోతారు. ఆ తర్వాత కాలేయం కుప్పకూలుతుంది. విరుగుడు లేదు. తమిళనాడు ప్రభుత్వం ఈ పేస్టును నిషేధించింది. పిల్లలు దీన్ని టూత్‌పేస్టు అనుకునే ప్రమాదం ఉంది కాబట్టి ఈ ట్యూబు గడప లోపలికి రానివ్వకపోవడమే తెలివి. ఏ ఎలుకల మందైనా ఎవరైనా నోట్లో పెట్టుకున్నారన్న అనుమానం వస్తే, ఒంట్లో బాగున్నా సరే, ఆ పొట్లాన్నో ట్యూబునో చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి పోవాలి. ఏ విషమన్న దాన్ని బట్టే వైద్యం.

2024 నవంబరులో చెన్నై శివార్లలోని ఒక ఇంట్లో, పెస్ట్ కంట్రోల్ వాళ్లు పెట్టి వెళ్లిన ఎలుకల మందు ఉండగా ఏసీ వేసుకుని తలుపులు మూసుకుని పడుకున్న కుటుంబంలో ఇద్దరు చిన్నపిల్లలు చనిపోయారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు అన్న సామెత ఎలుకల గురించి పుట్టిన సామెతే, అక్షరాలా నిజమయ్యే సందర్భాలున్నాయి. డబ్బిచ్చి మనుషుల్ని పిలిపించినప్పుడు ఏ మందు పెడుతున్నారో పేరు రాసిమ్మని అడగడం ఇంటివాళ్ల హక్కు. పొడి చల్లుతామంటే వద్దనాలి.

"మందు తిన్న ఎలుక దాహంతో బయటికి పోయి చస్తుంది" అన్నది కొట్లవాళ్లు చెప్పే మాట. దానికి ఆధారం లేదు. ఒంట్లో బాగాలేని ఎలుక అలవాటైన గూటికే పోతుంది. ఫాల్స్ సీలింగ్ మీద, వంటింటి అరల వెనక చచ్చిన ఎలుక వాసన వారం పైన ఉంటుంది, సీలింగు విప్పితే తప్ప పోదు. తిన్న ఎలుకను పట్టుకున్న పిల్లికీ గుడ్లగూబకూ కొంత విషం చేరుతుంది. కాబట్టి ఇంటి లోపల మందు చివరి మాట కావాలి. పెట్టినా తాళం పడే ఎర పెట్టెలో, ఇంటి బయట గోడవార.

పొలంలో ఇదే మందు తీరు వేరు. ఆంధ్రప్రదేశ్ డెల్టాల్లో వ్యవసాయ శాఖ సామూహిక ఎలుకల నిర్మూలన జరిపేటప్పుడు 96 పాళ్ల నూకలకు 2 పాళ్ల నూనె, 2 పాళ్ల బ్రోమడయోలోన్ పొడి కలిపి పొట్లాలు కట్టి కలుగుల్లో వేయిస్తుంది. అక్కడ అధికారులు పట్టుబట్టేది మందు పాళ్ల గురించి ఒక్కటే కాదు, ఊరంతా ఒకేసారి వెయ్యడం గురించి. ఒక రైతు వేసి పక్క రైతు వెయ్యకపోతే పక్క గట్టు ఎలుకలు వారంలో ఇటు వచ్చేస్తాయి. బాల్టిమోర్ లెక్కే ఇక్కడ వరిగట్టు మీద పనిచేస్తోంది.

పిల్లి, పరికరం, పుదీనా

ప్లగ్గులో పెడితే మనిషికి వినబడని శబ్దం చేసి ఎలుకల్ని తరిమేస్తుందనే పరికరాలు ఆన్‌లైన్లో విపరీతంగా అమ్ముడవుతాయి. ఆ శబ్దం గోడ దాటదు, సోఫా దాటదు. ఎదురుగా ఉన్న ఎలుక కూడా కొన్నాళ్లకు అలవాటు పడిపోతుంది. అమెరికా వాణిజ్య నియంత్రణ సంస్థ 2001లోనే అరవైకి పైగా తయారీదారులకు, అమ్మకందారులకు, ఆధారం లేని ప్రకటనలు చేస్తున్నారని హెచ్చరిక లేఖలు పంపింది. పుదీనా నూనె, కలరా ఉండలు, పటిక కూడా అంతే. ఒక మూల నుంచి ఇంకో మూలకు జరుపుతాయి.

పిల్లి సంగతి కాస్త చిత్రం. చిట్టెలుకలున్న ఇంట్లో పిల్లి ఉపయోగమే. పెద్ద ఎలుక దగ్గరకొచ్చేసరికి పిల్లి లెక్కలు వేరు. న్యూయార్కులో ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో కెమెరాలు పెట్టి చేసిన పరిశీలన 2018లో వెలువడింది. 79 రోజుల్లో అక్కడి వీధిపిల్లులు చంపిన ఎలుకలు రెండు. పిల్లి వాసనకు ఎలుకలు బయట తిరగడం మాత్రం తగ్గించాయి. దాన్నే చూసి జనం ఎలుకలు తగ్గాయనుకుంటారు. పిల్లి కోసం పాలూ అన్నం బయట పెడితే ఆ గిన్నె ఎలుకలకూ ఉపయోగపడుతుంది.

రోగాలు

ప్లేగు ఇప్పుడు మాటగా మాత్రమే గుర్తుంది. 1911లో హైదరాబాదును పట్టి కుదిపింది, నగరాభివృద్ధి మండలి మరుసటి ఏడే ఏర్పడింది. 1994లో సూరత్ నుంచి జనం రైళ్లెక్కి పారిపోయారు. ఆ రోగాన్ని మోసేది ఎలుక ఒంటి మీద రక్తం పీల్చి బతికే ఫ్లీ అనే చిన్న గెంతే కీటకం, ఎలుక చచ్చి చల్లబడగానే అది వేరే ఒళ్లు వెతుక్కుంటుంది. చచ్చిన ఎలుకను చేత్తో తోక పట్టుకుని విసరొద్దనడం అందుకే.

ఇప్పుడు అసలు భయం లెప్టోస్పైరోసిస్. ఎలుక మూత్రంలోని సూక్ష్మజీవి తడినేలలో, నిలిచిన నీళ్లలో బతికుండి, కాలి పగుళ్లలోంచి, గాట్లలోంచి ఒంట్లోకి పోతుంది. వానాకాలం వరిమళ్లలో దిగేవాళ్లకు, వరదనీళ్లు చేరిన ఇళ్లు కడిగేవాళ్లకు ముప్పెక్కువ. జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం, ముదిరితే కామెర్లు, మూత్రపిండాలు చెడడం. తొందరగా గుర్తిస్తే మామూలు యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది. డాక్టరు దగ్గర "ఇంట్లో ఎలుకలున్నాయి" అన్న ముక్క చెప్పడం ఒక్కోసారి పరీక్షల దారినే మారుస్తుంది.

పెంటికలు ఊడ్చే పద్ధతి కూడా మారాలి. పొడిగా ఊడిస్తే ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి చల్లి, ఐదు నిమిషాలు నాననిచ్చి, చేతులకు తొడుగులతో తుడిచెయ్యాలి. ఎలుక కరిస్తే సబ్బునీళ్లతో బాగా కడిగి డాక్టరుకు చూపించుకోవాలి. ఎలుక కాటుతో రేబిస్ రావడం చాలా అరుదు, ధనుర్వాతం టీకా, పుండు చీము పట్టకుండా మందులే అక్కడ ముఖ్యం. పసిపిల్లలు, మంచాన పడ్డవాళ్లు, మధుమేహంతో కాళ్ల స్పర్శ పోయినవాళ్లు ఉన్న ఇంట్లో దీన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. 2015 ఆగస్టులో గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో ఎలుకలు కరిచిన నవజాత శిశువు చనిపోవడం, 2022 మార్చిలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో ఐసీయూ రోగిని ఎలుకలు కొరకడం రాష్ట్రాలను కదిలించాయి. కదల్లేని ఒంటి మీదికి ఎలుక ధైర్యంగా వస్తుంది.

ఎవరి ఖర్చు

ఇంత తెలిసినా మందే ఎక్కువ అమ్ముడవడానికి కారణం అజ్ఞానం కన్నా డబ్బు లెక్క. ఎలుకల మందు బిళ్ల చాలా చవక, అద్దెకున్నవాళ్లు సొంతంగా కొనగలరు. కిటికీ జాలీ, తలుపు పట్టీ, పైపుల చుట్టూ సిమెంటు ఇంటి యజమాని పని. మరో ఏడాదిలో ఖాళీ చేసే ఇంటికి సొంత డబ్బు పెట్టి జాలీలు ఎవరు బిగిస్తారు? యజమానికి ఎలుక కనిపించదు, కనిపించేవాళ్లకు గోడ సొంతం కాదు. అపార్టుమెంట్లలో ఇదే చిక్కు ఇంకా పెద్దది. ఫ్లాట్ లోపల ఎంత శుభ్రంగా ఉన్నా డక్టు, సెల్లారు, జనరేటరు గది, చెత్త పోగేసే మూల ఎవరివీ కావు.

అసోసియేషన్లు పెస్ట్ కంట్రోల్‌కు ఇచ్చే ఏడాది కాంట్రాక్టుల్లో ఎన్ని ఎర పెట్టెలు, నెలకు ఎన్నిసార్లు వస్తారు అన్నవి ఉంటాయి. ఏ కన్నాలు మూస్తారో మామూలుగా ఉండదు. కాంట్రాక్టు తిరగరాసేటప్పుడు డక్టు అడుగున జాలీ, సెల్లారు తూములకు బిగించే స్టీలు మూతలు, చెత్తకు మూతలున్న డబ్బాలు అన్న మూడు పనులు చేర్చి, వాటి ఖర్చును కార్పస్ ఫండు నుంచి ఒక్కసారి పెడితే, ఆ తర్వాత ఎర పెట్టెల సంఖ్య ఏటేటా తగ్గించుకోవచ్చు. అద్దె ఇళ్లలోనైతే అగ్రిమెంటు రాసుకునే రోజే, అడ్వాన్సు చేతులు మారకముందే, తూము జాలీలూ ఏసీ రంధ్రాలూ చూపించి వేయించమని అడగడం తేలిక. సామాను దించాక ఆ మాట వినే యజమానులు తక్కువ.